ఇంకా ఏమీ తెలియలేదు

వంటింట్లోంచి,
సోమవారం పొద్దున

ఏమండీ,

ఉత్తరంలో మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఇంట్లో పిలిచినట్టే పిలిచాను. మీ ఆఫీసులో ఎవరైనా చూస్తే నవ్వుతారు, చాటుగా చదువుకోండి.

అత్తయ్య కులాసా. మోకాలి నొప్పి తగ్గిందంటున్నారు కానీ మెట్లెక్కేటప్పుడు మెట్లని తిడుతున్నారు. మీరు బదిలీ మీద వెళ్ళాక నేను మరీ మాట్లాడడం మానేశానట. "గోడలకైనా విసుగొస్తుందే పిల్లా, అవీ ఎంతసేపని వింటాయి నీ మౌనం" అని నన్ను కుట్టు శిక్షణ క్లాసులో చేర్పించారు. మన వీధి చివర, పాత గోదాము మేడ మీద. మధ్యాహ్నం పూట, ఆడవాళ్ళకి మాత్రమే. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్నని ఎవరూ అడగలేదు. టేపు మీద అంకెలు వస్తే చాలట.

ఒక సంగతి చెప్పాలి. కోప్పడకండి. నన్ను క్లాసు లీడర్ని చేశారు.

నేను అడగలేదు. మా ఇబ్బందులు ప్రిన్సిపాల్ గారికి చెప్పడానికి ఒకరు కావాలని టీచరు గారు అడిగితే, అందరూ తలా ఒక వంక చెప్పారు. మా క్లాసులో ఒకావిడ ఉంది, గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది, అందరూ 'మైకు' అంటారు. ఆవిడ కూడా "నాకు మొహమాటం" అంది. నాకూ వద్దని చెప్పాలని ఉంది. నోరు పెగిలేలోపు టీచరు గారు "ఈ అమ్మాయి కాదనలేదు" అని పేరు రాసేసుకున్నారు.

ఇబ్బంది ఏమిటంటే, అక్కడ బాత్రూం తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కొందరు ఆ బాధ పడలేక పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగడం మానేశారు. ఇది నేను ప్రిన్సిపాల్ గారితో చెప్పాలి. ఆయన మగవారు.

మీరు రోజూ జనం ఫిర్యాదులు తీసుకునే కౌంటర్లో ఉంటారు కదా. ఎలా చెప్పాలో, చెప్పాక వీళ్ళతో ఏమనాలో రాయండి.

ఇంకొకటి. ఆఫీసు వాళ్ళు మీకిచ్చే ఇంటి సంగతి ఏమైంది? నన్నూ అత్తయ్యనీ ఎప్పుడు తీసుకెళతారు? తొందరేం లేదు. ఊరికే అడిగాను. నిన్న కూడా ఊరికే తలచుకున్నాను.

ఇట్లు,
ఇంట్లో మనిషి

—

నీటి సరఫరా ఆఫీసు, మూడో కౌంటరు,
జనం భోజనాలకి వెళ్ళిన వేళ

ఉలుకూ పలుకూ లేని మా ఆవిడకి,

నువ్వు లీడరువా! ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకి పక్క కౌంటరాయన తన పెన్ను దాచేశానేమో అని వెతుక్కున్నాడు.

సరే, సరైన మనిషినే అడిగావు. పదేళ్ళుగా ఇలాంటి కిటికీల వెనక కూర్చుని నేను నేర్చుకున్న విద్య నీకు ధారపోస్తున్నాను. మొదటి సూత్రం, పని పూర్తయ్యే దాకా ఎవరికీ ఏమీ చెప్పకు. సగం ఉడికిన అన్నం మూత తీసి చూపిస్తామా? చూపిస్తే ప్రతివాడూ ఒక మెతుకు నొక్కి చూస్తాడు. చెప్పిన కొద్దీ ప్రశ్నలు పుడతాయి. రెండో సూత్రం, ముఖం మాత్రం ఎప్పుడూ ఏదో తెలిసినట్టు పెట్టు. దానికే సగం మంది వెళ్ళిపోతారు. అయితే నీ ముఖానికి అది కొంచెం కష్టం.

ప్రిన్సిపాల్ గారి దగ్గర భయమెందుకు? వెళ్ళు, అడుగు, వచ్చెయ్. అడగడానికి కూడా భయపడితే లోకంలో బతకలేం.

ఇంటి సంగతి పరిశీలనలో ఉంది. అమ్మకి మెట్లని నెమ్మదిగా తిట్టమని చెప్పు.

ఇట్లు,
నీ మూడో కౌంటరు

—

వెనక గదిలోంచి,
ఎండ దిగని సాయంత్రం

ఏమండీ,

మీరు చెప్పినట్టే చేశాను. కొంప మునిగింది.

మొదటిసారి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని బల్ల మీద వెతుక్కుంటున్నారు. నుదుటి మీద ఉందని చెప్పడానికే నాకు నోరు రాలేదు, బాత్రూం సంగతి ఏం చెప్పను? "ఏం కావాలమ్మా" అన్నారు. "కిటికీ వెయ్యమంటారా" అని అడిగి, వేసేసి వచ్చాను. గది చీకటైపోయింది. పాపం ఆయన ఇంకా వెతుక్కుంటూనే ఉన్నారు.

రెండోసారి గట్టిగా ఊపిరి తీసుకుని, "తలుపుకి గడియ లేదండీ" అనేశాను. "ఏ తలుపుకమ్మా" అన్నారు. నేను నేల చూశాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ నేల చూశాను. "సరే, తలుపేగా, పెట్టిద్దాంలే" అన్నారు. ఎంత సంతోషంతో మెట్లు దిగానో! పని పూర్తయ్యే దాకా చెప్పకూడదు కదా, క్లాసులో ఎవరికీ చెప్పలేదు. మీరన్నట్టు ముఖం కూడా పెట్టాను. "పంటి నొప్పా?" అని ఇద్దరు అడిగారు.

వడ్రంగి వచ్చాడు. మూరెడు ఇనప గడియ తెచ్చి, మా క్లాసు తలుపుకి లోపలి వైపు బిగించి వెళ్ళాడు.

టీచరు గారికి పండగే. గంట కొట్టగానే గడియ వేసేస్తున్నారు. ఆలస్యంగా వస్తే బయటే. మా క్లాసులో బేకరీ అక్క అని ఒకావిడ ఉంది. పొయ్యి ఆర్పి రావడానికి ఆవిడకి రోజూ కాస్త ఆలస్యమవుతుంది. ఆ రోజు ఎండలో మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఎవరు పెట్టించారు ఈ గడియ?" అని మైకు అరిస్తే, టీచరు గారు నన్ను మెచ్చుకుంటూ "మీ లీడరే అడిగిందట" అన్నారు.

ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడడం లేదు. నన్ను ప్రిన్సిపాల్ గారి చెంచా అంటున్నారు. బాత్రూంకి వెళితే తలుపు పట్టుకోవడానికి కూడా ఎవరూ రావడం లేదు. నేనూ మంచినీళ్ళు మానేశాను.

ఇంటి సంగతి రాయండి. పరిశీలన అంటే ఎవరు చేస్తారు?

ఇట్లు,
ఇంట్లో మనిషి

—

మూడో కౌంటరు,
మబ్బు పట్టిన రోజు

మా లీడరు గారికి,

దిగులు పడకు. ఇందులో నీ తప్పేం లేదు. మా దగ్గర పని జరిగేదే ఇలా. ఒక వీధి వాళ్ళు కుళాయి అడుగుతారు, ఇంకో వీధిలో వస్తుంది. రెండో వీధి వాళ్ళు మాకెందుకని ఫిర్యాదు ఇస్తారు. అలా ఇద్దరికీ మాతో పరిచయం పెరుగుతుంది.

నీకు ఇంకో మంత్రం చెప్తాను. ఎవరు అడిగినా "పరిశీలనలో ఉంది" అను. ఈ మాటకి తిరుగు లేదు. అబద్ధం కాదు, నిజమూ కాదు. విన్నవాళ్ళు గౌరవంగా వెళ్ళిపోతారు. నిన్నొక ముసలాయన మళ్ళీ వచ్చాడు, కుళాయిలో నీళ్ళు రావట్లేదని. అదే అన్నాను. నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు.

నీళ్ళు తాగడం మానకు. ఎండలు బాగా ఉన్నాయి.

ఇంటి విషయం పై వాళ్ళ దగ్గర ఉంది. నేను గట్టిగా ఒత్తిడి చేస్తూనే ఉన్నాను.

ఇట్లు,
నీ మూడో కౌంటరు

—

మెట్ల మీద కూర్చుని,
మొదటి వాన వెలిశాక

మూడో కౌంటరు గారికి,

మీ మంత్రం వేశాను. "పరిశీలనలో ఉంది" అన్నాను.

మైకు చేతిలో కత్తెర కింద పెట్టి, "ఏంటే పరిశీలన? ఎవరు చూస్తున్నారు? బాత్రూం తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారా?" అంది. క్లాసంతా నవ్వింది. టీచరు గారు కూడా అటు తిరిగి నవ్వారు. నేల చీలితే దూరిపోదామనుకున్నాను. మేడ మీద క్లాసు కదా, చీలినా గోదాములో పడతాను.

ఆ సాయంత్రం బేకరీ అక్క నా వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. "పిల్లా, నిజంగా ఏం అడిగావో చెప్పు" అంది. ఏడుస్తూ అంతా చెప్పాను. కిటికీ వేసిన సంగతి కూడా. ఆవిడ నడవలేక గోడ పట్టుకుని నవ్వింది. తర్వాత అంది కదా, "రొట్టె ఇంకా కాలలేదు, కాసేపు ఆగండి అని చెప్పామనుకో, జనం బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఏమీ చెప్పకుండా లోపలికి పోతే తలుపు బాదుతారు. ఆలస్యం రెండింట్లోనూ ఒకటే. నీకు తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియలేదని చెప్పు. దానికేం సిగ్గు?"

మర్నాడు టీచరు గారిని అడిగి బోర్డు మీద ఎడమ పక్కన జానెడు చోటు తీసుకున్నాను. అక్షరాలు వంకరగా వచ్చాయి కానీ రాశాను:

అడిగింది: బాత్రూం తలుపుకి గడియ.
ఎవరిని: ప్రిన్సిపాల్ గారిని.
వారు అన్నది: పెట్టిద్దాం.
జరిగింది: ఏ తలుపో నేను చెప్పలేకపోయాను. వేరే తలుపుకి పెట్టారు.
మళ్ళీ అడిగేది: సోమవారం.

వెనక బెంచీలో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకి చదవడం రాదు. అందుకని గట్టిగా చదవాల్సి వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంకాస్త గట్టిగా" అంది మైకు. ఆవిడ కోపంగా అనలేదు.

సోమవారం వెళ్ళి, ఈసారి ఏ తలుపో చెప్పాను. కళ్ళు మూసుకుని చెప్పాను. ఆయన "ఓ, అదా" అని, "చూద్దాం" అన్నారు. అదే బోర్డు మీద రాశాను. తర్వాతి సోమవారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ చూద్దాం అన్నారు. "ఇంకా ఏమీ తెలియలేదు" అని రాశాను. చిత్రం ఏమిటంటే ఎవరూ తిట్టలేదు. పైగా ఇప్పుడు తలుపు పట్టుకోవడానికి వంతులు వేసుకున్నారు. కొందరు వచ్చి చెవిలో ఇంకేవో ఇబ్బందులు చెప్పి, తమ పేరు రాయొద్దంటున్నారు. 'ఒకరు అడిగారు' అని రాస్తున్నాను. ఆ ఒకరు ఎవరా అని అందరూ చూస్తారు, నేను నేల చూస్తాను. నేల చూడడం నాకు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

అత్తయ్యకి ఇదంతా చెబితే మీ చిన్నప్పటి కథ ఒకటి చెప్పారు. బడిలో ఎవరో మీ చెప్పు ఒకటి మాస్టారి గదిలోకి విసిరేస్తే, మీరు ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చారట. "తలుపు తీసే ఉందే. చెప్పు కనబడుతూనే ఉందట. లోపలికి వెళ్ళి అడగలేకపోయాడు నా కొడుకు. నేను వెళ్ళి తెచ్చా" అన్నారు. చాలా నవ్వొచ్చింది. తర్వాత కాసేపటికి నవ్వు రాలేదు.

ఇంటి గురించి మీరు ఎవరిని అడిగారు? ఏ రోజు?

ఇట్లు,
ఇంట్లో మనిషి

—

మూడో కౌంటరు,
పని ఒత్తిడిలో

బోర్డు గారికి,

తొందరలో రాస్తున్నాను. చెప్పు కథ అమ్మ కొంచెం పెంచి చెప్పింది. ఆ రోజు వాన కూడా పడుతోంది.

బోర్డులతో జాగ్రత్త. నోటి మాట గాలికి పోతుంది, రాత అలా కాదు. మొన్నొకాయన మా కౌంటరు పక్క గోడ మీద కాగితం అంటించాడు. "ఈ ఫిర్యాదు ఇచ్చి చాలా రోజులైంది, ఇంకా ఏమీ తెలియలేదు" అని. చూస్తే మన కుళాయి ముసలాయనే. చింపేద్దామని లేచాను. అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి. ఎందుకో చింపలేదు.

ఇంటి సంగతి చెప్పాగా. ఇలాంటివి ఉత్తరంలో వివరంగా రాసేవి కావు.

ఇట్లు,
నీ
మూడో కౌంటరు

—

కిటికీ పక్కన,
గాలి చల్లబడ్డ రోజు

ఏమండీ,

గడియ వచ్చింది. సరైన తలుపుకే వచ్చింది.

ఎలా వచ్చిందో వినండి. ప్రిన్సిపాల్ గారు పరీక్ష తేదీ చెప్పడానికి క్లాసుకి వచ్చారు. ఆయన మాట్లాడుతుంటే అందరూ బోర్డు ఎడమ పక్కకే చూస్తున్నారు. ఆయనా అటు చూశారు. కళ్ళజోడు ఎప్పటిలాగే నుదుటి మీద ఉంది. "అక్కడేం రాశారమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు వెనక బెంచీ పెద్దావిడ లేచి నిలబడింది. చదువు రాదన్నానే, ఆవిడే. వారం వారం విని నోటికి వచ్చేసింది.

"అడిగింది బాత్రూం గడియ బాబూ. అడిగింది తమర్నే. తమరు చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ చూద్దాం అన్నారు. మొన్న సోమవారం తమరు ఊళ్ళో లేరు. ఇంకా ఏమీ తెలియలేదు" అని గుక్క తిప్పుకోకుండా అప్పచెప్పి, "మళ్ళీ సోమవారం అడుగుతుంది పిల్ల" అని కూర్చుంది. ఆవిడ ఏమాత్రం వేళాకోళంగా అనలేదు. తెలియని వాళ్ళకి దారి చెప్పినట్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు కోసం జేబులు వెతుక్కున్నారు. "నుదుటి మీద ఉందండీ" అన్నాను. అది చెప్పింది నేనే.

మర్నాడే వడ్రంగి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి గడియ వేసి తీసి చూపించి, ఈ సంస్థ ఆడవాళ్ళ ఇబ్బందులు అడగక ముందే తీరుస్తుందని చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మైకు అందరికన్నా గట్టిగా కొట్టింది. బోర్డు మీద 'గడియ పెట్టారు' అని రాసి, కింద కొత్త విషయం మొదలుపెట్టాను: క్లాసు తలుపు గడియ కాసేపు ఆగి వెయ్యమని టీచరు గారికి మనవి. టీచరు గారు చదివి, "నా ముందే రాస్తున్నావే" అన్నారు. "మీకు చెప్పినట్టూ ఉంటుంది, వీళ్ళకి చెప్పినట్టూ ఉంటుంది కదండీ" అన్నాను. బేకరీ అక్క ఇప్పుడు లోపలే ఉంటోంది.

ఇక మన బోర్డు.

అడిగింది: ఇల్లు ఎప్పుడు అని.
ఎవరిని: మిమ్మల్ని.
మీరు అన్నది: పరిశీలనలో ఉంది. పై వాళ్ళ దగ్గర ఉంది. వివరంగా రాసేవి కావు.
మళ్ళీ అడిగేది: ఈ ఉత్తరంలో.

కోపంతో రాయలేదండీ. పెద్దవాళ్ళ గది గుమ్మం ఎంత ఎత్తుగా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. మొదటిసారి వెళ్ళి కిటికీ వేసి వచ్చినదాన్ని. మీరు అడగకపోతే అడగలేదని రాయండి. దానికేం సిగ్గు?

ఇట్లు,
ఇంట్లో మనిషి

—

నా గదిలోంచి,
ఆఫీసు లేని రోజు

నీకు,

ఈ కాగితం ముందు కూర్చుని, ఇప్పటికి రెండు సార్లు "పరిశీలన" అని రాసి కొట్టేశాను.

అడగలేదు. వచ్చిన దగ్గర నుంచీ ఒక్కసారి కూడా అడగలేదు. అర్జీ రాసి పెట్టుకున్నాను. అది నా చొక్కా జేబులోనే ఉంది, ఒకసారి ఉతుక్కి కూడా వెళ్ళింది. పెద్దాఫీసరు గారి గది మా కౌంటర్ల వెనకే. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. అమ్మ కథ నిజం, వాన పడలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు వెళ్ళాను. ఆయన తల ఎత్తి "ఏంటి?" అన్నారు. "టీ చెప్పమంటారా సార్" అన్నాను. చెప్పమన్నారు. టీ నేనే తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు రోజూ ఆ వేళకి నా వైపు చూస్తున్నారు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. టీ బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడి, మా ఆవిడనీ మా అమ్మనీ తెచ్చుకోవాలి, ఇల్లు ఇప్పించండి అన్నాను. కళ్ళు మూసుకోలేదు కానీ గోడ గడియారం వైపు చూసి అన్నాను. అర్జీ ఇచ్చాను. ఆయన దాన్ని చదివి, "ఇదేమిటయ్యా, అక్షరాలు కారిపోయాయి, కొత్తది రాసుకురా" అన్నారు. రాసిచ్చాను. "చూద్దాం" అన్నారు.

పదేళ్ళుగా జనానికి ఈ మాట చెప్తున్నాను. వినడం ఇదే మొదలు. చాలా పొట్టి మాట, కానీ గదికి వెళ్ళేదాకా చెవిలో మోగుతూనే ఉంది.

కుళాయి ముసలాయనకి కూడా నిన్న నిజం చెప్పాను. మీ ఫిర్యాదు ఎక్కడుందో నాకు తెలియదు, సోమవారం పైన అడిగి చెప్తానన్నాను. ఈసారి దండం పెట్టలేదు. బెంచీ మీద కూర్చుని, "నువ్వు కొత్తగా వచ్చావా బాబూ?" అన్నాడు.

అడిగింది: ఇల్లు.
ఎవరిని: పెద్దాఫీసరు గారిని.
వారు అన్నది: చూద్దాం.
ఇంకా ఏమీ తెలియలేదు.
మళ్ళీ అడిగేది: సోమవారం, టీతో పాటు.

నీ

—

వంటింట్లోంచి,
ఉత్తరం అందిన రోజే

ఏమండీ,

మీరు రాసిన ఉత్తరాలన్నిట్లో ఇంత మంచి ఉత్తరం లేదు. నేను రెండు సార్లు చదువుకుని, తర్వాత అత్తయ్యకి గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు నాకు అది అలవాటైంది.

అత్తయ్య అంతా విని, "అడిగాడా? వాడే? నోటితో?" అన్నారు. అవునన్నాను. "అయితే అటక మీద పెట్టె దించు" అన్నారు. జవాబు ఇంకా రాలేదు అత్తయ్యా, చూద్దాం అన్నారంతే, అని చెప్పాను. "జవాబు దాని తీరిక చూసుకుని వస్తుంది. నా కొడుక్కి రెండో చెప్పు దొరికింది, అది చాలు" అని, మోకాలి సంగతి మరిచిపోయి మెట్లు దిగి, పక్కింటి వాళ్ళకి చెప్పడానికి వెళ్ళారు. మెట్లని ఒక్క మాట అనలేదు.

పెట్టె దించాను. దులిపి ఎండలో పెట్టాను. సర్దలేదు.

వచ్చే సోమవారం తర్వాత రాయండి. ఏమీ తెలియకపోతే ఏమీ తెలియలేదనే రాయండి. ఆయన టీలో చక్కెర ఎంత వేస్తారో కూడా చూసుకోండి.

మరిచాను. ఆ ఇల్లు ఇస్తే, తీసుకునే ముందు బాత్రూం తలుపుకి గడియ ఉందో లేదో చూడండి. లేకపోతే ఎవరిని అడగాలో కనుక్కుని రాయండి. నేను వచ్చి అడుగుతాను.

ఇట్లు,
ఇంట్లో మనిషి